ఎవరి వైపు నుంచి వచ్చింది?

(క్వేకర్స్ హిల్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



"వంశపారంపర్యం - ఆరోగ్యం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. చక్కెర వ్యాధి గురించో, గుండెజబ్బు గురించో చెబుతామని వారు అనుకొని వుంటారు. మేము స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి గురించీ, దాని వెనుక వున్న జన్యువుల కోసం నూరేళ్ళుగా సాగుతున్న వెదుకులాట గురించీ మాట్లాడదలచుకున్నాము. పండుగ పూట ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని మన కుటుంబాలన్నీ ఒక్కచోట కూడేది పండుగ పూటే గదా. మరొక రోజున ఈ విషయం మీద సభ పెడితే పదిమంది కూడా రారు. వచ్చినవారు కూడా ఎవరైనా చూస్తారేమోనని వెనుక వరుసలో కూర్చుంటారు.

మేము వైద్యులం కాము. ఒకరం బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నాము. మరొకరం బ్లాక్‌టౌన్‌లో ఒక ఆఫీసులో జమాఖర్చులు చూస్తున్నాము. ఇప్పుడు మైకు ముందు నిలబడి చదువుతున్నది ఒకరే అయినా మాట మా ఇద్దరిదీ. మా రెండవ అబ్బాయికి పందొమ్మిదవ యేట ఈ జబ్బు వచ్చింది. ఇప్పుడతనికి ముప్పై మూడేళ్ళు. ఈ ప్రసంగం వ్రాసి ముందుగా అతనికి వినిపించాము. రెండు చోట్ల దిద్దాడు. "నా పేరు మాత్రం చెప్పవద్దు" అన్నాడు. చెప్పము.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాలో ఒకరిది ఫిజీ తెలుగు కుటుంబం. 1903లో మద్రాసు నుంచి తొలి ఓడ బయలుదేరింది మొదలు 1916 దాకా విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల నుంచి గిర్మిట్ మీద వేలాదిమంది ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. వారిలో మా ముత్తాత ఒకరు. 1926లో నాడిలో సంగం ఏర్పడిన తరువాత ఆ సంగం బడులలోనే మా పెద్దలకు తెలుగు అక్షరాలు అబ్బాయి. 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత ఆ కుటుంబం సిడ్నీ చేరింది. మాలో రెండవవారిది తెనాలి. అక్కడ పుట్టి, పెళ్ళయి ఇక్కడికి వచ్చినవారు. ఈ రెండు వంశాల వివరం ఎందుకు చెబుతున్నామో ఒక్క నిమిషంలో మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతుండగా రిచ్‌మండ్ లైను రైలులో వెళ్ళి వస్తూవుండేవాడు. పెట్టెలోని వాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని ఒకనాడు అన్నాడు. మేము నవ్వి వూరుకున్నాము. తరువాత రైలెక్కడం మానేశాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఫోనును టవలులో చుట్టి బీరువాలో పెట్టేవాడు. గదిలో ఒక్కడే వుండి ఎవరికో జవాబు చెబుతుండేవాడు. పరీక్షల వత్తిడి అనుకున్నాము, ఏదో ప్రేమ వ్యవహారం అనుకున్నాము. దిష్టి తీశాము, తెనాలి నుంచి తాయెత్తు తెప్పించి కట్టాము. ఇలా పద్దెనిమిది నెలలు గడిపేశాము. ఆ పద్దెనిమిది నెలలూ మళ్ళీ రావు. ఇక్కడున్న ఏ కుటుంబమూ మావలె కాలం పోగొట్టుకోకూడదన్నదే ఈనాటి మా మొదటి మనవి.

డాక్టరు జబ్బు పేరు చెప్పిన రాత్రి ఇంటికి వచ్చి మేము చేసిన పని ఏమిటో తెలుసా? పోట్లాడుకున్నాము. ఫిజీలో మా చిన తాతగారొకరు గిర్మిట్ రోజులలో "మతి చెడి" సువాలోని సెయింట్ గైల్స్ ఆసుపత్రిలో వుండి అక్కడే పోయారు. 1884లో వెలసిన పిచ్చాసుపత్రి అది. ఆ సంగతి పెళ్ళి మాటలప్పుడు చెప్పలేదని ఒకరి నింద. తెనాలిలో మా అమ్మమ్మగారి చెల్లెలిని "గాలి సోకింది" అని పెరటి గదిలో వుంచి, గుడి చుట్టూ ప్రదక్షిణలు చేయించేవారు. ఆ సంగతి దాచారని మరొకరి నింద. "మీ వైపు నుంచి వచ్చింది", "కాదు, మీ వైపు నుంచే వచ్చింది". నాలుగేళ్ళు ఇదే మాట. అబ్బాయి పక్క గదిలోంచి వింటూనే వున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు కోసమే మేము చదవడం మొదలుపెట్టాము. చదివినదాంట్లో మాకు రూఢిగా అర్థమైనంత మేరకు మీ ముందు పెడతాము.

మొదట జబ్బు సంగతి. స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండటం కాదు. అది సినిమాల వాళ్ళు చేసిన పొరపాటు. లేని గొంతులు వినబడటం, లేని కుట్రను వున్నదని గట్టిగా నమ్మడం, ఆలోచన దారి తప్పడం, ఉత్సాహమూ, మాటా, పదిమందితో కలివిడీ సన్నగిల్లడం, ఇవీ దాని లక్షణాలు. జర్మనీలో ఎమిల్ క్రేపెలిన్ 1890లలో ఈ జబ్బును విడిగా గుర్తించాడు. స్విట్జర్లాండు డాక్టరు యూజెన్ బ్లాయిలర్ 1908లో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. రమారమి నూటికి ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువగా పదహారు, ముప్పై ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది. ఏ దేశమూ, ఏ కులమూ, ఏ భాషా దీనికి మినహాయింపు కాదు.

మందుల చరిత్రలో మన దేశానికీ చోటుంది. మన వైద్యులు తరతరాలుగా వాడిన సర్పగంధ వేరు ఉన్మాదాన్ని శాంతింపజేస్తుందని కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే వ్యాసం ప్రకటించారు. ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందును 1952లో వేరుచేశారు. అదే సంవత్సరం పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ వాడకం మొదలైంది. అప్పటినుంచే గొలుసులూ, గదులూ తగ్గుముఖం పట్టాయి.

ఇక అసలు ప్రశ్న. ఇది వంశంలో వస్తుందా?

వస్తుంది, కాని మనం అనుకునే పద్ధతిలో కాదు. మొట్టమొదట కుటుంబాలను లెక్కవేసి చూశారు. తోబుట్టువుకు ఈ జబ్బు వుంటే మిగిలిన తోబుట్టువులకు వచ్చే అవకాశం నూటికి తొమ్మిది దాకా వుంటుందని పాత లెక్కలు చెప్పాయి. అంటే తొంభై ఒకరికి రాదు. తరువాత కవలలను చూశారు. డెన్మార్కులో 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు వుంటే రెండవవారికీ వున్నది నూటికి 33 మందిలో. విడివిడి పిండాల కవలల్లో నూటికి 7. ఈ రెండు అంకెలలో రెండు పాఠాలున్నాయి. ముప్పై మూడుకూ ఏడుకూ మధ్యనున్న తేడా జన్యువుల బలాన్ని చూపుతుంది. కాని జన్యువులన్నీ ఒకటే అయిన ఇద్దరిలో కూడా మూడింట రెండు వంతుల మంది తప్పించుకుంటున్నారంటే, జన్యువు ఒక్కటే విధి వ్రాత కాదన్నమాట.

ఇక్కడ తల్లులకొక మాట. 1948 ప్రాంతంలో అమెరికాలో కొందరు మానసిక వైద్యులు ఈ జబ్బుకు తల్లి పెంపకమే కారణమని వ్రాశారు. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. 1966లో లెనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు ఆరెగాన్ రాష్ట్రంలో ఒక పరిశీలన చేశాడు. జబ్బు వున్న తల్లులకు పుట్టి, పుట్టిన కొద్దిరోజులకే వేరై, వేరేచోట పెరిగిన 47 మంది పిల్లలు పెద్దవారైన తరువాత చూస్తే అయిదుగురికి జబ్బు వచ్చింది. జబ్బు లేని తల్లులకు పుట్టి అలాగే వేరుగా పెరిగిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంచిన చేతులది తప్పు కాదని దీనితో తేలింది. ఈ సంగతి చదివిననాడు మా ఇంట్లో ఒకరు చాలాసేపు ఏడ్చారు.

ఈ శాస్త్రానికొక చీకటి అధ్యాయం కూడా వుంది. దాచడం తగదు. 1916లో ఈ జబ్బు వంశక్రమాన్ని మొదటిసారిగా పెద్దయెత్తున లెక్కగట్టినవాడు మ్యూనిక్‌లోని ఎర్నెస్ట్ రూడిన్. ఆయనే తరువాత హిట్లరు ప్రభుత్వం 1933లో చేసిన చట్టాన్ని సమర్థించి వ్యాఖ్యానం వ్రాశాడు. ఆ చట్టం కింద నాలుగు లక్షల మందికి బలవంతంగా సంతానం కలగకుండా చేశారు. 1939 నుంచి వేలకు వేల రోగులను చంపారు కూడా. ఇంత ఘోరం చేసిన తరువాత జబ్బు పోయిందా? యుద్ధానంతరం జర్మనీలో కొత్తగా జబ్బు పడుతున్నవారి సంఖ్య ఏమీ తగ్గలేదు. మనుషులను తుడిచివేస్తే పోయే జబ్బు కాదది. ఎందుకు కాదో జన్యుశాస్త్రం తరువాత చెప్పింది.

చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా మావలెనే ఆలోచించారు. ఎక్కడో ఒక్క దోషి జన్యువు వుంటుంది, దానిని పట్టుకుంటే చాలు అని. 1988లో అయిదవ క్రోమోజోములో ఆ దోషి వున్నదని ఒక బృందం ప్రకటించింది. అదే పత్రిక అదే సంచికలో మరొక బృందం స్వీడన్ కుటుంబాలను చూసి మాకక్కడ ఏమీ కనిపించలేదని వ్రాసింది. తరువాత ఎవరికీ కనిపించలేదు. 1990లో స్కాట్లండులో ఒకే వంశంలో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారైనవారికి మానసిక వ్యాధులు ఎక్కువగా వున్నాయని కనుగొన్నారు. అక్కడ తెగిన జన్యువుకు 2000లో పేరు పెట్టారు. అది ఆ వంశానికి నిజమే. కాని లోకంలోని మిగిలిన రోగులకు అది సమాధానం కాలేకపోయింది.

అప్పుడు దారి మార్చారు. మన శరీరంలోని ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథమొకటి వున్నదనుకోండి. మీ గ్రంథానికీ మా గ్రంథానికీ అక్కడక్కడ ఒక్కొక్క అక్షరం తేడా. ఈ ప్రత్యేక సంచికలోనే చూడండి, కొందరు "ఉన్నది" అని వ్రాస్తారు, మేము "వున్నది" అని వ్రాస్తాము. అర్థం మారదు. జన్యు గ్రంథంలోనూ ఎక్కువ తేడాలు అటువంటివే. కొన్నిచోట్ల మాత్రం ఆ తేడా వల్ల అర్థం రవ్వంత ఒరుగుతుంది. జబ్బు వున్న వేలాదిమంది గ్రంథాలనూ, లేని వేలాదిమంది గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి, ఏ అక్షరం ఎవరిలో ఎక్కువగా వున్నదో యంత్రాలతో లెక్కించడమే కొత్త పద్ధతి.

పదిమందితోనో వందమందితోనో తేలే పని కాదిది. అందుచేత దేశదేశాల పరిశోధకులు ఒక్కటైనారు. ఆస్ట్రేలియావారూ ఉన్నారు. ఈ దేశంలో స్కిజోఫ్రీనియా పరిశోధన కోసం రక్తం నమూనాలూ, మెదడు చిత్రాలూ, ప్రశ్నలకు జవాబులూ సేకరించి భద్రపరచిన భాండాగారం ఒకటి ఏర్పడింది. 2014లో 36,989 మంది రోగులనూ, 1,13,075 మంది ఇతరులనూ పోల్చి 108 చోట్లను గుర్తించారు. 2022లో 76,755 మంది రోగులతో, 2,43,649 మంది ఇతరులతో చేసిన పరిశీలనలో ఆ సంఖ్య 287కి పెరిగింది. చాలామటుకు ఒక్కొక్క చోటు చేసే హాని అత్యల్పం. అటువంటివి వందలు, వేలు కలిస్తేనే త్రాసు ఒక వైపుకు మొగ్గుతుంది. పైగా అవి జబ్బు వున్నవారిలోనే కాదు, మనందరిలోనూ వున్నాయి. ఇక్కడ కూర్చున్న ప్రతివారూ వాటిలో కొన్నింటిని మోస్తున్నవారే.

మన పెద్దలు "తిలాపాపం తలా పిడికెడు" అన్నారు. ఈ శాస్త్రాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం మాచేత కాదు. మా నాలుగేళ్ళ పోట్లాటకు కూడా అదే తీర్పు. ఫిజీ వైపు నుంచి కొంత, తెనాలి వైపు నుంచి కొంత. చిన తాతగారి నుంచీ, అమ్మమ్మగారి చెల్లెలి నుంచీ మాత్రమే కాదు, ఏ జబ్బూ లేకుండా తొంభై ఏళ్ళు బ్రతికిన ముత్తవ్వల నుంచి కూడా. దోషి కోసం వెదికితే ఊరంతా దోషులే. అంటే ఎవరూ కారు.

ఈ లెక్కకు మినహాయింపులున్నాయి. ఇరవైరెండవ క్రోమోజోములో ఒక చిన్న ముక్క పుట్టుకతోనే లోపించినవారిలో రమారమి నలుగురిలో ఒకరికి ఈ జబ్బు వస్తుంది. వారికి తరచు గుండె లోపాలు కూడా వుంటాయి. 2022లోనే మరొక బృందం పది జన్యువులను గుర్తించింది. వాటిలో అరుదుగా కలిగే తీవ్రమైన మార్పులు ప్రమాదాన్ని బాగా పెంచుతాయి. కాని అటువంటివారు బహు కొద్దిమంది.

దొరికిన చోట్ల వల్ల ఏమి తెలిసింది? ఒక్క ఉదాహరణ. 2016లో సి-4 అనే జన్యువు సంగతి తేలింది. మెదడులో నరకణాల మధ్య లక్షల కోట్ల సంధులుంటాయి. యౌవనంలో మెదడు వాటిలో అనవసరమైనవాటిని కత్తిరించుకుంటుంది. మల్లెపొదకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే మొగ్గ బాగా వేసినట్టు, అది అవసరమైన పనే. ఈ జన్యువు చురుకు హెచ్చిన చోట ఆ కత్తిరింపు మితిమీరుతుందని తోస్తున్నది. జబ్బు పదహారు దాటిన తరువాతనే ఎందుకు మొదలవుతుందో దీనితో కొంత బోధపడుతుంది.

ఇప్పుడు మనవారి సంగతి. 2022 నాటి ఆ మహా పరిశీలనలో ముప్పాతిక మంది యూరపు సంతతివారే. తరువాతివారు తూర్పు ఆసియావారు. మనవారు లేరనే చెప్పాలి. యూరపువారి అక్షరాలు చూసి తయారుచేసిన లెక్క మన పిల్లలకు సరిగా అతకదు. ఈ లోటు తీర్చడానికి జరిగిన కృషిలో మనమున్న ఆస్ట్రేలియాకే ముఖ్యపాత్ర వుండటం మాకు ఆనందం కలిగించింది. మద్రాసులో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ అనే సంస్థా, క్వీన్స్‌లాండ్‌లో డాక్టర్ బ్రయన్ మౌరీ బృందమూ కలిసి ఏళ్ళ తరబడి దక్షిణ భారత కుటుంబాల నమూనాలు సేకరించారు. మద్రాసు వైపు డాక్టర్ ఆర్. తార నాయకత్వం వహించారు. మూడు వేల పైచిలుకు మందిని చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిదవ క్రోమోజోములో ఒక చోటు బయటపడింది. అది నియాసిన్ అనే బి-విటమినును శరీరం వాడుకునే తీరుకు సంబంధించిన జన్యువు దగ్గర వుంది.

నియాసిన్ అనగానే మాకు హైదరాబాదు గుర్తుకు వచ్చింది. జొన్నలే ప్రధాన ఆహారమైన దక్కను ప్రాంతపు పేదలలో పెల్లాగ్రా అనే జబ్బు వుండేది. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, ఆపైన మతి తప్పడం దాని లక్షణాలు. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందిన చోట డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా దీనిని శోధించి, జొన్నలలోని ల్యూసిన్‌కు దీనితో సంబంధం వుండవచ్చునని 1960లో ప్రకటించారు. స్కిజోఫ్రీనియా, పెల్లాగ్రా ఒకటి కావు. నియాసిన్ మాత్రలు మింగితే స్కిజోఫ్రీనియా నయమవుతుందని ఎవరూ భ్రమపడవద్దు. అయితే ఆహారానికీ, జన్యువుకూ, మనస్సుకూ మధ్య దారులున్నాయని మన గడ్డమీది వైద్యులు ఏనాడో గమనించారని చెప్పడమే మా ఉద్దేశం.

మన సంతతివారిని పరిశీలించడంలో మరొక ప్రయోజనమున్నది. మనం తరతరాలుగా కులంలోనే వివాహాలు చేసుకుంటూ వచ్చాము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో మన జనాభా చరిత్రను జన్యువుల నుంచి చదివారు. 2017లో 260 పైచిలుకు సముదాయాలకు చెందిన 2,800 పైగా వ్యక్తులను చూస్తే, అనేక సముదాయాలు కొద్దిమంది మూలపురుషుల నుంచే విస్తరించాయని తేలింది. మన ఆర్యవైశ్య సోదరులలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు పడదు. మత్తు డాక్టర్లకు తెలిసిన సంగతే ఇది. ఆ మందును విరిచే ఎంజైము వారిలో లోపించడమే కారణం. ఒక్క జన్యువు వల్ల వచ్చే ఇటువంటి లోపాలను మన సముదాయాలలో తేలికగా పట్టుకోవచ్చు, ముందుగా జాగ్రత్తపడవచ్చు.

మేనరికం గురించి చాలామంది మమ్మల్ని అడిగారు. మేనరికం వల్ల ముఖ్యంగా పెరిగేవి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం రెండు ప్రతులుగా చేరినప్పుడు వచ్చే జబ్బులు. స్కిజోఫ్రీనియా ఆ తరహాది కాదు. మా ఇద్దరి వంశాల మధ్య సముద్రమే వుంది. అయినా జబ్బు వచ్చింది.

జన్యువులు కానివి కూడా కొన్ని వున్నాయి. లేత వయస్సులో గంజాయి అలవాటు, అందులోనూ ఘాటైన రకం, ప్రమాదాన్ని పెంచుతుంది. ప్రసవ సమయంలోని చిక్కులు కొంత. యూరపు దేశాలకు వలస వచ్చినవారిలోనూ, ఇంకా ఎక్కువగా అక్కడే పుట్టిన వారి పిల్లలలోనూ ఈ జబ్బు హెచ్చుగా వున్నదని 2005లో పలు పరిశీలనలు కలిపి చూసినవారు వ్రాశారు. ఒక తరంలో జన్యువులు మారవు గదా. ఒంటరితనం, చిన్నచూపు, ఇక్కడివాడిని కాను, అక్కడివాడినీ కాను అనే బాధ, వీటికీ పాలున్నదని వారి ఊహ. గిర్మిట్ సంతానానికి ఈ బాధ కొత్త కాదు. మన పిల్లలను ఇటువంటి సభలకు తీసుకురావడం ఆట పాటల కోసమే కాదని మేమిప్పుడు అనుకుంటున్నాము.

కొన్నేళ్ళ కిందట మేము ముగ్గురమూ ఒక పరిశోధనకు రక్తం ఇచ్చాము. సంతకం పెట్టే ముందు మా అబ్బాయి ఆ కాగితాలు రెండుసార్లు చదివి, "దీనివల్ల నాకేమి లాభం?" అని అడిగాడు. "నీకేమీ లేదు, తరువాతివారికి వుండవచ్చు" అని అక్కడి నర్సు దాపరికం లేకుండా చెప్పింది. "అయితే ఇస్తాను" అన్నాడు. ఎందుకని తరువాత అడిగితే, "నాతో అబద్ధం చెప్పకుండా మాట్లాడినది ఆవిడే" అన్నాడు. ఆ మాట మాకు గుచ్చుకున్నది. తాయెత్తును చేతి గడియారం పట్టీ కింద దాచి కట్టినవాళ్ళం మేము.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. మా అమ్మాయి పెళ్ళి. మొదట వచ్చిన సంబంధంవారికి తమ్ముడి సంగతి మేము చెప్పలేదు. ఎవరి ద్వారానో విని వారే ఫోనులు చేయడం మానేశారు. జబ్బు వుండటం కంటే దాచడమే వారిని ఎక్కువ భయపెట్టిందని మాకు తరువాత తెలిసింది. రెండవ సంబంధం వచ్చినప్పుడు మా అమ్మాయి, "ముందే చెప్పండి, చెప్పకపోతే నేనే చెబుతాను" అన్నది. చెప్పాము. లెక్కలు కూడా చెప్పాము. అమ్మాయికి ముప్పై దాటింది గనుక ప్రమాదకాలం చాలామటుకు గడిచిపోయింది. పుట్టబోయే పిల్లలకు మేనమామ జబ్బు వల్ల పెరిగే అవకాశం స్వల్పం. అవునో కాదో ఖచ్చితంగా చెప్పే జన్యు పరీక్ష లేనే లేదు. వారు రెండు నెలలు ఆలోచించుకున్నారు. ఆ రెండు నెలలూ మాకు నిద్ర లేదు. చివరకు వియ్యపురాలు ఒక్కటే అడిగారు: "అబ్బాయి పెళ్ళికి వస్తాడా?" వచ్చాడు. జనం ఎక్కువైనప్పుడు బయటకు వెళ్ళి కారులో కూర్చున్నాడు, తలంబ్రాల వేళకు తిరిగి వచ్చాడు.

అన్ని సంబంధాలూ ఇలా ముగుస్తాయని మేము చెప్పము. కాని దాచి చేసిన పెళ్ళి కంటే చెప్పి పోగొట్టుకున్న సంబంధమే మేలని మా అనుభవం.

చివరగా కొన్ని మనవులు. పిల్లవాడు స్నేహితులను వదిలేసినా, నిద్ర మానినా, అర్థంకాని అనుమానాలు చెప్పినా నవ్వి వూరుకోకండి. ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మొదలైన తొలి నెలలలో వైద్యం అందితే మేలు ఎక్కువ. ఈ రాష్ట్రంలో 1800 011 511 అనే నంబరుకు పగలైనా రాత్రైనా ఫోను చేసి మానసిక ఆరోగ్య సలహా పొందవచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేని పెద్దలు 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు. ప్రాణం మీదికి వస్తే 000. మందులను మీ అంతట మీరు ఆపవద్దు. మేము ఒకసారి ఆపి ఆరు నెలలు అనుభవించాము. తపాలాలో ఉమ్మి పంపితే జాతకం చెబుతామనే కంపెనీల జన్యు పరీక్షలను నమ్మి భయపడవద్దు, సంబరపడవద్దు. జన్యు పరీక్షల ఫలితాలను చూసి జీవిత బీమా సంస్థలు వివక్ష చూపకుండా నిషేధిస్తామని ఈ దేశ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కనుక నిజంగా అవసరమైన పరీక్షను డాక్టరు చెబితే ఆ భయంతో మానవద్దు. పరిశోధనకు నమూనా ఇమ్మని ఎవరైనా అడిగితే, కాగితాలు చదివి, ఇష్టమైతే ఇవ్వండి. మనవారి అక్షరాలు ఆ గ్రంథాలయంలో లేకపోతే రేపటి మందులు మనవారిని దృష్టిలో పెట్టుకొని తయారు కావు.

మా అబ్బాయి ఇప్పుడు వారానికి మూడు రోజులు ఒక నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే పని చేస్తున్నాడు. గొంతులు పూర్తిగా పోలేదు. "దూరంగా రేడియో మోగుతున్నట్టు వుంటాయి, నా పని నేను చేసుకుంటాను" అంటాడు. మేము పోట్లాడుకోవడం మానేశాము. ఎవరి వైపు నుంచి వచ్చిందని ఇప్పుడు అడిగితే మా ఇద్దరిదీ ఒకే జవాబు: మా వైపు నుంచే.

ఈ ప్రసంగం ముగింపులో ఒక వాక్యం చేర్చమని అతను కోరాడు. అతను చెప్పినది చెప్పినట్టే చదువుతున్నాము: "మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఎలా వున్నానని మా అమ్మానాన్నలను అడగకండి, నన్నే అడగండి."

 భోజనాల దగ్గర మేము తలుపు పక్క బల్ల దగ్గరే వుంటాము. మాట్లాడాలనుకున్నవారు ఎవరైనా రావచ్చు. సెలవు.